చప్పుడు తేలేదాకా

మా ఎదురింటి పెద్దాయన పోయారని నా భార్య వచ్చి చెప్పినప్పుడు నేను ఆదివారం మధ్యాహ్నపు కునుకులో ఉన్నాను. ఆయన భోజనం చేసి, పడక్కుర్చీలో పేపరు చదువుతూ చదువుతూ తల వాల్చేశారట. లేచి చొక్కా తొడుక్కుంటూ నేను మొట్టమొదట అనుకున్నదేమిటంటే, ఇక రేపటి నుంచి తెల్లవారుజామున నిద్ర చెడదు. పైకి అనలేదు. కానీ ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి నా మొహం చాలు.

"జర మంచిగుండు. మనిషి పోయి గంట గాలే," అంది నా భార్య.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పుకోవాలంటారు. పెద్దకర్మ నాడు ఆయన బంధువులు చెప్పుకున్నారు కూడా. "ఎంత నిక్కచ్చి మనిషండీ! ఏ పనైనా అంతు చూడందే వదిలేవారా?" అని ఒకాయన అంటే మిగతావాళ్లు తలలూపారు. నేను విస్తట్లో పప్పు కలుపుకున్నాను. ఆయన ఏ పని అంతు చూశారో నాకు తెలియదు. నేనెరిగినంత కాలం ఆయన చేసిన పని ఒక్కటే, బయల్దేరకుండా ఉండటం. దాని కోసం మాత్రం ఆయన పడ్డ కష్టం ఇంతా అంతా కాదు.

మేమున్నది మేడ్చల్ దాటాక శామీర్‌పేట వైపు తిరిగే రోడ్డు మీద. ఒకప్పుడు అదంతా మా తాత ద్రాక్షతోట. ప్లాట్లు చేసి అమ్మగా మిగిలిన ముక్కలో నా ఇల్లు, అమ్మిన ముక్కలో ఆయన ఇల్లు. ఆ సంగతి ఆయన నన్ను ఎన్నడూ మరిచిపోనివ్వలేదు. గోడకు చెమ్మ పట్టినా, బోరులో నీళ్లు తగ్గినా, కరివేపాకు మొక్క ఎండినా గేటు దగ్గర నిలబడి నన్ను పిలిచేవారు. "ఏమయ్యా, ఇది మీ తాతగారి నేలేనయ్యా," అనేవారు, మా తాత కావాలనే చెమ్మ కలిపి అమ్మినట్టు.

సన్నగా, నిటారుగా ఉండేవారు. చలికాలం చెవుల మీదుగా మఫ్లరు చుట్టి, మళ్లీ వినడానికి ఒక చెవి దగ్గర దాన్ని పైకి మడిచేవారు. నవ్వు ముక్కులోంచే వచ్చేది, "హుఁ" అని. ఎదుటివాడు మాట పూర్తి చేయకముందే ఆ "హుఁ" వచ్చేసేది. ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. "నా సర్వీసులో ఏ ఫైలూ కారణం లేకుండా నా బల్ల మీంచి కదల్లేదయ్యా," అని గొప్పగా చెప్పుకునేవారు. ఆ ఫైళ్లలో ఎవరెవరి పెన్షన్లు మగ్గిపోయాయో అని నాకనిపించేది.

ఆయన భార్య జాగ్రఫీ టీచరు. మా వీధిలో అందరికీ టీచరమ్మే. వాళ్లది గోదావరి గట్టు మీద ఊరు. పిల్లల్లేరు. ఉద్యోగమంతా గోడమీది పటంలో బెత్తంతో నదులూ ఎడారులూ చూపించడమే గాని, వాటిలో ఒక్కటీ ఆవిడ చూసింది లేదు. "మా ఊరి గోదారి ఎక్కడ పుట్టిందో ఎందరు పిల్లలకు చెప్పానో లెక్కలేదమ్మా. నేను మాత్రం ఎన్నడూ వెళ్లలేదు," అని నా భార్యతో అనేదట.

వెళ్లకపోవడానికి మొదట్లో ఉన్న కారణం హోటళ్లు. హోటలు దుప్పట్లు ఎవరెవరు కప్పుకున్నారో ఆయనకు తెలియాలి. స్నానాల గది ఎవరు కడిగారో తెలియాలి. "సొంత ఇల్లు చక్రాల మీద వస్తే అప్పుడు వెళ్దాం," అని ఒకసారి వేళాకోళంగా అన్నారట. టీచరమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. రిటైరయ్యాక వచ్చిన సొమ్ముతో, ఆయన "హుఁ" అంటుండగానే, ఒక పాత డీజిల్ మినీబస్సు కొనిపించి, కుత్బుల్లాపూర్ దగ్గర ఒక షెడ్డులో దాన్ని మోటార్‌హోమ్‌గా మార్పించింది. రెండు మంచాలు, చిన్న పొయ్యి, స్నానాల గది, నేల కింద నీళ్ల ట్యాంకు. మా వీధి పిల్లలు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టారు.

ఇల్లుబండి ఎదురింటి ముందుకొచ్చి ఆగిన నాడు టీచరమ్మ వీధంతా మైసూర్‌పాకు పంచింది. మర్నాడు తెల్లవారి చలిలో ఆయన మొదటిసారి దాన్ని స్టార్ట్ చేశారు.

టక టక టక టక.

కాసేపు కొట్టుకుని, ఇంజను కాస్త వేడెక్కి కుదురుకోగానే చప్పుడు దానంతటదే ఆగిపోయింది. ఆయన ఇంజను ఆపి, దిగి, నా గేటు దగ్గరకొచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ఏమయ్యా, విన్నావా?"

"విన్న సార్."

"ఏవిటది?"

నేను కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బస్సుల విభాగం చూస్తాను. తెల్లారేసరికి మా షెడ్డులో బస్సులన్నీ ఒకేసారి స్టార్ట్ అవుతాయి. ఒకటి దగ్గుతుంది, ఒకటి మూలుగుతుంది, ఒకటి తెల్ల పొగ వదులుతుంది. ఏడు కొట్టేసరికి అన్నీ పిల్లల్ని ఎక్కించుకుని రోడ్డు మీద ఉంటాయి. అదే చెప్పాను.

"డీజిల్ బండి సార్. సలికి గట్లనే కొట్టుకుంటది. మా బస్సులన్నీ గంతే. నడుస్తుంటే అదే సక్కగైతది."

"హుఁ. మీవి బస్సులేవిటయ్యా, పశువుల కొట్టాలు. కారణం తెలియకుండా కదలకూడదు. ఈ చప్పుడేవిటో తేలాలి. తేలేదాకా బండి కదలదు."

అప్పుడు నాకు తెలియలేదు, ఆయన ఎన్నాళ్లుగానో వెతుకుతున్న వస్తువు ఆ పూట దొరికిందని.

ఆ చలికాలమంతా రోజూ అదే పూజ. చీకటి ఉండగానే ఆయన బండి దగ్గర నిలబడేవారు. ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో పొడవాటి స్క్రూడ్రైవరు. దాని మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, ఒక కన్ను మూసి, చూపుడువేలు పైకెత్తేవారు. ఆ వేలు లేచిందంటే వీధిలో ఎవరూ కదలకూడదు. పాలవాడు సైకిలు స్టాండు వేయకూడదు. నా భార్య వాకిలి ఊడవకూడదు. ఒకసారి ఎక్కడో కోడి కూస్తే ఆయన ఆ దిక్కుకు తిరిగి చూసిన చూపు, ఆ కోడిని సస్పెండు చేసినట్టే ఉంది.

ఇంజను చల్లగా ఉండాలి, అది మొదటి నిబంధన. వేడెక్కితే సాక్ష్యం చెడిపోతుందట. అందుకని పగలు బండి తీయకూడదు. ఎండ పడకుండా పైన పరదా కట్టారు. ఒక పొద్దున టీచరమ్మ బండి లోపలున్న కొత్త పొయ్యి మీద ముచ్చటపడి టీ పెట్టుకుంటే, "ఆ వేడి ఇంజన్‌కు తగుల్తుంది, ఇంగితం లేదా?" అని వీధంతా వినేలా కసిరారు. ఆవిడ గిన్నె దించి, కాగీ కాగని ఆ నీళ్లు గుమ్మం పక్కన మొక్కకు పోసేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ పొయ్యి మళ్లీ వెలగలేదు.

మెకానిక్కులు వచ్చారు. బండిని వాళ్ల దగ్గరకు తీసుకెళ్తే దారిలోనే వేడెక్కి చప్పుడు పోతుంది కనుక వాళ్లనే తెల్లవారుజామున ఇంటికి రప్పించేవారు. మేడ్చల్ నుంచి వచ్చినతను విని ఇంజెక్టర్లు అన్నాడు. అవి మార్చారు. చప్పుడు పోలేదు. ఇంకొకతను వాల్వుల సందు సరిచేయాలన్నాడు. సరిచేశాడు. పోలేదు. మరొకతను ఇంజను కింద రబ్బరు దిమ్మలు అరిగాయన్నాడు. అవీ మారాయి. నేను కూడా మా బస్సుల అనుభవమంతా పోగేసి, ఆయిలు పలచటిది పోయమని ఒక ఉచిత సలహా పడేశాను. పోశారు. మర్నాడు చప్పుడు నిన్నటికంటే హుషారుగా వచ్చింది. మాలో ఒక్కరమూ చెప్పింది నిజం కాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ నేను చూసింది వేరు. ప్రతి మరమ్మతు తర్వాతా మర్నాడు ఆయన తాళం తిప్పేటప్పుడు మొహంలో ఒక బెంగ ఉండేది. టక టక మొదలవగానే ఆ బెంగ పోయేది. పిల్లాడి జ్వరం తగ్గనందుకు సంతోషించే తండ్రిని నేను ఎక్కడా చూడలేదు. చూస్తే అలాగే ఉంటాడనుకుంటాను.

"వింటున్నావా? పోలేదు!" అనేవారు నాతో, గెలిచినట్టు.

రెండో చలికాలం వచ్చేసరికి టీచరమ్మ కళ్లు చెడ్డాయి. నీటికాసులన్నారు. కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది కాపాడుకోవడమే దారని డాక్టరు చెప్పాడట. ఎడమ కంటికి అప్పటికే పక్కనుంచి వచ్చే మనిషి కనపడటం లేదు. కుడి కన్నే కాస్త నయం. ఆ సంగతి ఆవిడ నా భార్యతో చాలా మామూలుగా, ఎవరో పక్కింటివాళ్ల గురించి చెప్పినట్టు చెప్పింది.

ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ఆవిడ కళ్లలో చుక్కలు ఆయనే వేసేవారు. వేళ తప్పేది కాదు. వరండాలో కుర్చీ వేసి, ఆవిడ తల వెనక్కి వాల్చి, ఊపిరి బిగబట్టి, చుక్క సరిగ్గా పడేలా వేసేవారు. ఆ చెయ్యి వణకడం నేను చూడలేదు. చూసి నాకు ఇంకా కోపమొచ్చేది. భార్యంటే ప్రేమ లేక కాదన్నమాట. ఉండీ ఆవిడను వీధి మలుపు దాటించలేదన్నమాట.

ఒక రోజు ఉండబట్టలేక గేటు దగ్గరే అడిగేశాను.

"సార్, టీచరమ్మకు గోదారి పుట్టిన జాగ సూడాలని ఉన్నది. కండ్లు ఉన్నప్పుడే తీస్కపోవాలె గదా. ఈ సప్పుడుతోని బండికి ఏం గాదు. నేను జిమ్మా, పూచీ నాది."

"నువ్వు జిమ్మా ఏవిటయ్యా? దారి మధ్యలో ఆగితే నీ జిమ్మా వచ్చి తోస్తుందా?"

"ఆగితే ఆగుతది సార్. మళ్ల నడుస్తది. రోడ్డు మీద మనుషులుండరా?"

"హుఁ. మనుషులు!" అన్నారు. ప్రపంచంలో మనుషులున్నారన్న సంగతే ఆయనకు అన్నిటికంటే పెద్ద అభ్యంతరంలా వినిపించింది.

ఆ సాయంత్రం టీచరమ్మ మా ఇంటికొచ్చి కూర్చుంది. నేనడిగింది విన్నట్టుంది.

"ఆయన్నేమీ అనకు బాబూ. చోటు మారితే ఆయనకు నిద్ర పట్టదు. మా పెళ్లైన కొత్తలో తిరుపతి తీసుకెళ్లారు. కింద దిగాక, కొండ మీదికెళ్లే బస్సు టైరులో గాలి తక్కువుందని అక్కణ్నుంచే వెనక్కి తెచ్చేశారు. ఆ బస్సు మా కళ్ల ముందే జనంతో కొండెక్కింది." నవ్వింది. తర్వాత నవ్వాపి, "నాకొక మంచి డ్రైవర్ని చూసిపెట్టు," అంది.

మా దగ్గర యాదగిరి అని ఒక డ్రైవరున్నాడు, దేవరయాంజాల్ మనిషి. సెమిస్టర్ సెలవుల్లో కాలేజీ బస్సులు ఖాళీ. అతన్ని అడిగితే మహారాష్ట్ర అనగానే హుషారుగా సరేనన్నాడు. నా భార్య, "నేను గూడ పోత. అమ్మకు తోడుండాలె గదా," అని తనూ బట్టలు సర్దుకుంది. యాదగిరి ముందు రోజు సాయంత్రమే వచ్చి బండి నేల కింద ట్యాంకులోకి పైపు పెట్టి నీళ్లు నింపాడు. అప్పటిదాకా అందులో చుక్క నీళ్లు పోసింది లేదు. వెళ్లని బండికి నీళ్లెందుకని ఆయన పోయనిచ్చేవారు కాదు.

పొద్దున యాదగిరి సీట్లో కూర్చుంటే ఆయన బండి ముందు నిలబడ్డారు. మఫ్లరు, టార్చి, స్క్రూడ్రైవరు, అన్నీ ఉన్నాయి.

"ఇంకా తేలలేదు," అన్నారు భార్యతో. "తేలకుండా ఎలా వెళ్తావు?"

టీచరమ్మ సంచి లోపల పెట్టి మెట్టు మీదే నిలబడింది. "మీరు ఎక్కండి, లేకపోతే తప్పుకోండి," అంది. గొంతు పెంచలేదు. క్లాసులో గోల చేసే పిల్లాడితో కూడా అలాగే అనేదేమో.

ఆయన ఎక్కలేదు. చాలాసేపటికి తప్పుకున్నారు. తప్పుకుంటూ యాదగిరితో, "రోజూ పొద్దున చప్పుడు ఎంతసేపు వస్తుందో చూసి చెప్పు," అన్నారు.

"మంచిది సార్," అని యాదగిరి సెల్ఫ్ కొట్టాడు. ఇంజను గుర్రుమని అందుకుంది. ఎదురింటి గేటు ముందు ఆ గందరగోళంలో ఎవరూ గమనించలేదు గాని, ఆ పూట టక టక లేదు. నేనూ గమనించలేదు. ఆయన కూడా గమనించలేదు. బండి వెళ్లిపోతోందన్న దిగ్భ్రమలో ఆయనకు చెవులు పనిచేయలేదనుకుంటాను.

వాళ్లు లేనన్నాళ్లూ ఆయన అలవాటుగా అదే వేళకు లేచి, బండి లేని చోట నిలబడేవారు. అక్కడ నేల మీద ఆయిలు మరక ఉండేది. నా భార్య ఫోటోలు పంపేది. నాందేడ్‌లో టీచరమ్మ జామకాయలు బేరమాడుతున్నది ఒకటి, పొలం గట్టున రొట్టె తింటున్నది ఒకటి. చూపించబోతే ఆయన ఫోన్ వైపు చూసేవారు కాదు. "పొద్దున స్టార్టింగ్ ఎలా ఉందట?" అనేవారు.

"సప్పుడే లేదంట సార్."

"హుఁ. వాడు వినడం లేదు."

గోదారి పుట్టే త్ర్యంబకం చేరిన మర్నాడు పొద్దున్నే నా భార్య ఫోన్ చేసింది. 

"బండి స్టార్ట్ అయితలేదు. మస్తు సలి ఉన్నదీడ. యాదగిరి పరేషాన్ అయితుండు. జల్దీ ఎదురింటి సార్‌ను అడుగు, ఆయనకు ఎరకుంటదేమో."

నాకూ అదే అనిపించింది. రెండు చలికాలాలు ఆ ఇంజనుతో కాపురం చేసిన మనిషి. పరుగున వెళ్లాను. ఆయన గేటు దగ్గరే ఉన్నారు. సంగతి చెప్పి, ఫోన్ స్పీకర్ పెట్టి చేతికిచ్చాను. ఆయన మఫ్లరు పైకి మడిచారు. ఒక కన్ను మూశారు. వేలు పైకెత్తారు.

"సెల్ఫ్ కొట్టమను."

ఫోన్‌లో గర్రు గర్రుమంది. ఇంజను అందుకోలేదు.

"హుఁ. మళ్లీ."

గర్రు గర్రు.

"మళ్లీ. ఈసారి ఎక్కువసేపు."

"సార్, బ్యాటరీ దిగిపోతది సార్," అన్నాడు యాదగిరి.

"నువ్వు మాట్లాడకు. నీ గొంతు అడ్డం వస్తోంది. మళ్లీ కొట్టు."

ఈసారి గర్రు సగంలోనే నీరసించింది. ఇంకోసారి కొట్టమన్నారు. 'టిక్' అని ఒక్క చిన్న శబ్దం. తర్వాత ఏమీ లేదు. ఆయన ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నారు.

"ఇప్పుడేం వినపడటం లేదేం?"

"బ్యాటరీ ఖతమైంది సార్," అన్నాడు యాదగిరి.

ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి నావైపు చూశారు. ఆ మొహం నేను మరిచిపోలేను. కట్టుకున్న భార్య ఎక్కడో చలిలో, ఎరగని ఊళ్లో ఆగిపోయి ఉంది. ఆయన మొహంలో తృప్తి. "నే చెప్పలా?" అన్నారు.

అంతలో ఫోన్‌లోంచి టీచరమ్మ గొంతు వచ్చింది. "బాబూ, ఉన్నావా? ఫోన్ ఆయన దగ్గర్నుంచి తీసుకో."

తీసుకున్నాను.

"కంగారు పడకండి. ఎండ వచ్చేదాకా ఆగుతాం. ఎవరో ఒకరు సాయం చేయకపోరు. ఈలోపు మేం గోదారి చూసొస్తాం. నిన్న పొద్దుపోయాక వచ్చాం, నాకు సరిగా ఆనలేదు."

మధ్యాహ్నం మళ్లీ ఫోన్. ఒక పాల వ్యానువాళ్లు వైరు తగిలించి బండి స్టార్ట్ చేయించారట. అది చెప్పేసి నా భార్య ఫోన్ ఆవిడకిచ్చింది.

"చూశాను బాబూ! చెంబెడు నీళ్లు! మా ఊళ్లో అవతలి గట్టు కనపడదు, ఇక్కడ చెయ్యి అడ్డం పెడితే ఆగిపోయేట్టుంది. పిల్లలకు ఎంత పెద్దగా చెప్పానో!" ఆవిడ నవ్వుతూనే ఉంది. మాట ముందుకు సాగలేదు. నవ్వు ఏడుపులోకి తిరిగిందేమో నేను అడగలేదు.

వెళ్లి ఆయనకు చెప్పాను, ఆ చెంబెడు నీళ్ల మాటతో సహా. విన్నారు. కాసేపు ఆలోచించి, "రాత్రి బండి ముక్కు ఏ దిక్కుకు పెట్టి ఆపారట?" అని అడిగారు.

నేను ఫోన్ జేబులో వేసుకుని వచ్చేశాను. ఆ బ్యాటరీ ఎందుకు నీరసించిందో తర్వాత మా షెడ్డులో చూపిస్తే చెప్పారు. కదలని బండిని రోజూ కాసేపు స్టార్ట్ చేసి ఆపేస్తే, వాడుకున్న కరెంటు తిరిగి నిండదు. రెండు చలికాలాలుగా ఆయన చేసింది అదే.

వాళ్లు తిరిగొచ్చిన పూట ఆయన గేటు దగ్గరే ఉన్నారు. టీచరమ్మ మెల్లగా దిగింది. మొహం నల్లబడింది, జుట్టంతా దుమ్ము.

"ఎంతసేపు వచ్చేది, చప్పుడు?" అన్నారు. అదీ మొదటి మాట.

"రానే లేదండీ."

"రాకపోవడం ఏవిటి? నువ్వు వినలేదు."

ఆవిడ జుట్టులో దుమ్ము దులుపుకుంది. "సరే, వినలేదు," అని సంచి తీసుకుని లోపలికి వెళ్లింది.

యాదగిరి ట్యాంకులో నీళ్లు వదిలేసి, తాళాలు ఇచ్చి వెళ్లాడు. మర్నాడు తెల్లవారుజామున టక టక మళ్లీ మొదలైంది. ఆయన వచ్చి నా తలుపు కొట్టారు. "విన్నావా? ఎక్కడికీ పోలేదు!" అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆయన స్వరం మార్చారు. చప్పుడులో ఏదో తేడా ఉందట, యాదగిరి నడిపి పాడు చేశాడట. "ఇది నా చప్పుడు కాదయ్యా," అనేవారు. టీచరమ్మ ఆ ఏడాది ఇంకెక్కడికీ వెళ్దామని అడగలేదు. చూపు ఇంకొంచెం తగ్గింది. చుక్కలు మాత్రం వేళకు పడుతూనే ఉన్నాయి. మరుసటి చలికాలం మొదట్లోనే ఆయన పడక్కుర్చీలో తల వాల్చారు.

దినాలన్నీ అయ్యాక అస్థికలు బాసర తీసుకెళ్లి గోదావరిలో కలపాలనుకున్నారు. కర్మ చేసింది ఆయన అన్న కొడుకు, బెజవాడలో ఉద్యోగం. కారు మాట్లాడతానన్నాడు.

"కారెందుకు? బండి ఉందిగా," అంది టీచరమ్మ.

యాదగిరిని పిలిపించాను. ముందు రోజు పొద్దున బండి ఎలా ఉందో చూద్దామని స్టార్ట్ చేశాం. ఎప్పటిలాగే టక టక. సాయంత్రం ప్రయాణానికి ట్యాంకు నిండా నీళ్లు పట్టాం. తెల్లవారి చలిలో మళ్లీ స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు. నేనూ యాదగిరీ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

"నిన్న ఉండె గదరా?"

"ఉండె సార్. నిన్నటికి ఇయ్యాల్టికి మనం జేసిందేంది? నీళ్లు పట్టినం, గంతే గదా."

టార్చి పట్టుకుని ఇద్దరం కిందికి దూరాం. నీళ్ల ట్యాంకును పట్టి ఉంచే ఇనప పట్టీకి ఒక చివర బోల్టు లేదు. షెడ్డువాళ్లు బిగించడం మరిచిపోయారో, ఊడి పడిపోయిందో. ట్యాంకు నిండితే ఆ బరువుకు పట్టీ బిగుసుకుంటుంది. ఖాళీగా ఉంటే, చలికి ఇంజను అదిరినంతసేపూ పట్టీ బండి చట్రానికి కొట్టుకుంటుంది. ఇంజను కుదురుకోగానే ఆగిపోతుంది. చప్పుడు అసలు ఇంజన్‌లోదే కాదు. ప్రయాణానికని ఒక్కసారి నీళ్లు పోసి ఉంటే మొదటి రోజే పోయేది. బండి బయల్దేరకపోవడం వల్లే చప్పుడు, చప్పుడు వల్లే బండి బయల్దేరకపోవడం. ఆ పొద్దున బండి కింద వెల్లకిలా పడుకుని నేను ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. యాదగిరి ఒక బోల్టు వెతికి బిగించాడు.

అస్థికల కుండకు ఎర్రగుడ్డ కట్టి, అన్న కొడుకు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ బండిలో ఆయన చేసిన మొదటి ప్రయాణం అది. నేనూ నా భార్యా కూడా తోడు బయల్దేరాం. కామారెడ్డి దాటాక టీచరమ్మకు ట్యాంకు సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆవిడ నావైపు తిరిగింది.

"నీళ్లా?" అంది.

"అవునమ్మా."

"పోన్లే, ఆయనకు తెలియలేదు. తెలిస్తే ఇంకోటేదో వెతుక్కోవాల్సి వచ్చేది పాపం."

బాసరలో పని త్వరగానే అయిపోయింది. నది పలచగా, ఎండకు మెరుస్తూ ఉంది. కుండ వంచినప్పుడు ఆవిడ మోకాలి లోతు నీళ్లలో నా భార్య చెయ్యి పట్టుకుని నిలబడింది. ఏడ్చింది, ఎక్కువసేపు కాదు. గట్టెక్కి, తడి చీర మార్చుకుని వచ్చి, యాదగిరిని అడిగింది.

"ఇక్కడ్నుంచి నాందేడ్ ఎంతసేపు?"

"దగ్గెరనే అమ్మా. ఎందుకు?"

"నాందేడ్ దాటి వెళ్తే లోణార్ సరస్సు. ఆకాశం నుంచి ఉల్క పడి ఏర్పడింది. బోర్డు మీద గుండ్రంగా బొమ్మ గీసి చెప్పేదాన్ని."

అన్న కొడుకు బిత్తరపోయాడు. "పిన్నీ, ఏవిటిది? ఏడాది తిరక్కుండా గడప దాటకూడదంటారు. బాబాయి పోయి నెల కూడా కాలేదు. జనం ఏమనుకుంటారు? వెనక్కి వెళ్దాం పద."

"ఆయన్ని దింపేశాం కదా నాన్నా," అంది టీచరమ్మ. "ఇంకా ఆగడం దేనికి?"

అతను నావైపు చూశాడు. నేను కాలేజీకి ఫోన్ చేసి సెలవు చెప్పాను. అతను కాసేపు అటూ ఇటూ తిరిగి, తన సంచి దించుకుని స్టేషన్ వైపు ఆటో ఎక్కాడు. టీచరమ్మ వెనక మంచం మీంచి లేచి ముందు సీట్లోకి వచ్చింది. తల కొంచెం పక్కకు తిప్పి, ఇంకా చూపున్న కన్ను రోడ్డుకు ఎదురుగా ఉండేలా కూర్చుంది.

"పోనీ," అంది యాదగిరితో.